అప్పలరాజు గారికి సముద్రపు గాలం కర్ర

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు జూన్ నెలలో నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. మా శాఖలో ఎఫ్.డి.ఓ. అంటారు. మైలవరం జలాశయం, చుట్టుపక్కల మండలాల చెరువులు, వాటి మీద బతికే మత్స్యకారుల సంఘాలు నా కిందికి వచ్చేవి. చేపపిల్లలు వేళకు నీళ్ళలో పడేట్టు చూడటం, వల కన్ను మరీ సన్నగా ఉంటే పట్టుకోవడం, చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో వేట ఆపించడం, లైసెన్సులు రాయడం, ఇదీ పని. నా పైన ప్రొద్దుటూరులో సహాయ సంచాలకులు, అంటే ఏ.డి. గారు. నా కింద ఒక ఫీల్డ్‌మన్, ఒక పాత జీపు.

ఒక విషయం ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. నేను పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. మాది పౌరోహిత్యం, గుమాస్తాగిరీ చేసుకుని బతికిన ఇల్లు. జువాలజీ చదివాను, రాసిన మొదటి పరీక్షకే ఈ ఉద్యోగం వచ్చింది, వద్దనడానికి మా ఇంట్లో అంత ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. మైలవరం సంఘం అధ్యక్షుడు ఓబులేసు కొత్తవాళ్ళెవరొచ్చినా నన్ను చూపించి, "మా సామి చేపను చూస్తానే బరువు చెప్తాడు. రుచి మాత్రం మమ్మల్ని అడగాల" అని నవ్వేవాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత్తర్వాత నేనే ముందు చెప్పుకోవడం నేర్చుకున్నాను.

మా ఏ.డి. అప్పలరాజు గారు భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టినవారు. సర్వీసులో ఎక్కువ భాగం కడప, అనంతపురం జిల్లాల్లోనే గడిచింది. ఎండిపోయిన చెరువు కట్ట మీద నిలబడి కూడా ఆయన మాట్లాడేది సముద్రం గురించే. చిన్నప్పుడు బండరాళ్ళ మీద నిలబడి గాలం వేసి పండుగప్పలు ఎట్లా పట్టేవారో, పార చేప తగిలితే చేతిలో కర్ర ఎట్లా వణుకుతుందో చెప్పేవారు. మా జీపు డ్రైవరు పెన్న దాటి ఎరగడు, అయినా ఆ చేపల పేర్లన్నీ అప్పజెప్పేవాడు.

ఓబులేసుకు ఆయనంటే ప్రాణం. కారణముంది. ఒక ఏడు జలాశయంలో వదలడానికి చేపపిల్లల లారీ వచ్చింది. పిల్లల్ని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో తెస్తారు. పద్ధతి ప్రకారం ఏవో కొన్ని సంచులు విప్పి, కప్పుతో ముంచి, పిల్లల సైజూ సంఖ్యా చూసి, పంచనామా రాసి, అప్పుడు వదలాలి. ఆ రోజు సంచుల్లో సగం పిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి, బతికినవి వేలి గోరంత లేవు. కాంట్రాక్టరు మనిషి సంతకం పెట్టమని తొందర చేశాడు. అప్పలరాజు గారు ప్యాంటు పైకి మడిచి, నడుము లోతు నీళ్ళలోకి దిగి, ఒక్కొక్క సంచీ తానే విప్పి చూసి, లారీని సరుకుతో సహా వెనక్కి పంపారు. పై నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. ఆయన తడిబట్టలతోనే మాట్లాడి, "నేదండీ, చచ్చినవాటికి సంతకం పెట్టను" అన్నారు. పది రోజులకు మంచి పిల్లలొచ్చాయి. మరుసటి ఏడు సంఘంలోని ప్రతి ఇల్లూ తిన్నది ఆ చేపల మీదనే.

అట్లాంటి మనిషికి, పదవీ విరమణకు ఆరు నెలలుందనగా, పక్షవాతం వచ్చింది. కాలు నెమ్మదిగా కుదిరింది, మాట కుదిరింది. ఎడమచెయ్యి కుదరలేదు. మళ్ళీ ఆఫీసుకు రావడం మొదలుపెట్టాక ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని పైన ఒక తువ్వాలు కప్పుకునేవారు. ఎవరూ చెప్పకుండానే మా ఆఫీసులో ఒక నియమం ఏర్పడింది: సారు ఎడమవైపు చూడగూడదు, చేతి మాట ఎత్తగూడదు. అటెండరు టీ గ్లాసు కుడివైపే పెట్టేవాడు. నేను ఫైళ్ళు కుడివైపే పెట్టేవాణ్ణి. మర్యాద అంటే అదే అనుకున్నాం.

ఒకరోజు ఏదో కాగితం మీద సంతకం కోసం ప్రొద్దుటూరులో సారు ఇంటికి వెళ్తే, ఆయన భార్య, మేడం గారు, గేటు దాకా వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. భీమిలి దగ్గర సొంత ఇల్లు సున్నం వేయించి సిద్ధంగా ఉంది. అక్కచెల్లెళ్ళందరూ అక్కడే. ఈయనేమో రిటైరైనా ఊరికి రానంటున్నారట, ఈ అద్దె ఇంట్లోనే ఉండిపోదాం అంటున్నారట. ఊళ్ళో ఉన్న తన రెండు గాలం కర్రలూ తమ్ముడి కొడుకుకు ఇచ్చేయమని ఫోన్లో చెప్పేశారట. "సముద్రానికెదురుగా కూచుని ఊరికే చూస్తా ఉండమంటావా, అది నా వల్ల కాదు అన్నారు బాబూ" అని ఆమె చెప్పారు. సంతకం తీసుకుని వచ్చేశాను. దారంతా మనసు బాగాలేదు.

పదవీ విరమణ సభలకు మా శాఖలో ఒక వరస ఉంది. పూలదండ, శాలువా, గోడ గడియారం, ఆపైన ఉపన్యాసాలు. ఈసారి సంఘం తరఫున కూడా ఏదైనా ఇవ్వాలని ఓబులేసు మైలవరం కట్ట మీద నా దగ్గరికొచ్చాడు.

"సార్‌కు శాలువా యాల సామీ? శానా ఉంటాయి ఆయప్పకు. సముద్రంలో ఏసే గాలం కర్ర ఇద్దాం."

"చెయ్యి పడిపోయిన మనిషికా? ఎగతాళి చేసినట్టుంటుందప్పా" అన్నాను.

"చెయ్యి గదా పడిపొయ్యింది. మనిషి బాగుండాడు గదా. ఆ కర్ర ఇంట్లో ఉంటే ఊరికి పోవాలనిపిస్తాది. ల్యాకపోతే ఈడనే కుర్చీలో కూచోని కూచోని అయిపోతాడు సూడు."

మేడం గారి మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. అయినా ఓబులేసు సరిగ్గా అక్కడికే వచ్చాడు. సరేనన్నాను. సారు ఊరికి పోతాడా, ఇక్కడే తువ్వాలు కప్పుకుని ఉండిపోతాడా అన్నది ఆ కర్ర మీదే ఆధారపడినట్టు అనిపించింది నాకు.

ఇక ఎంపిక నా నెత్తిన పడింది. చేపల ఆఫీసరును కదా! నిజం చెప్పొద్దూ, వలల గురించి నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నూలు నంబరు, కన్ను కొలత, బరువుకు కట్టే సీసపు గుండ్లు, పైన తేలే బెండ్లు, అన్నీ తెలుసు. గాలం కర్ర మాత్రం మా రిజర్వాయరు పనిలో లేదు. మావాళ్ళు పుట్టిలో వెళ్ళి వల వేస్తారు, పుట్టంటే తట్టలాగా గుండ్రంగా ఉండే పడవ. కర్ర పట్టుకుని కూర్చునేది సెలవురోజు వచ్చే కుర్రకారే. ప్రొద్దుటూరులో హార్డ్‌వేరు దుకాణాలన్నీ తిరిగాను. గాలాలున్నాయి, నైలాను దారముంది. కర్ర అడిగితే ఒకాయన పిల్లలాడుకునే ప్లాస్టిక్‌ది తీసి చూపించి, "సముద్రం ఏంది సార్, మనకు యాడుండాది?" అని నవ్వాడు.

చివరికి మా ఫీల్డ్‌మన్ ఫోన్లో చూసి తెప్పిద్దామన్నాడు. నేను అలవాటుకొద్దీ తెల్లకాగితం మీద స్పెసిఫికేషన్ రాశాను. ఓబులేసు, సంఘంలో మరో నలుగురు, నేను కూర్చుని చర్చించాం. అందరిదీ ఒకటే మాట. సముద్రం పెద్దది, చేపలు పెద్దవి, కాబట్టి కర్ర అన్నిటికన్నా పెద్దదై ఉండాలి. పద్నాలుగు అడుగులది, దొరికిన వాటిలో అన్నిటికన్నా గట్టిది, అంతే లావు రీలుతో తెప్పించాం.

వచ్చాక కట్ట మీద పరీక్ష పెట్టాం. వలను పరీక్షించేటప్పుడు బలమైనవాళ్ళిద్దరు చెరొకవైపు పట్టి లాగుతారు, తెగకపోతే మంచిదని లెక్క. అదే పద్ధతి. ఓబులేసు అల్లుడు, ఎద్దులాంటివాడు, రెండు చేతులతో కర్ర పట్టుకున్నాడు. దారం చివర రాయి కట్టి నీళ్ళలో పడేసి లాగమన్నాం. కర్ర వంగింది, విరగలేదు. అందరం చప్పట్లు కొట్టాం. నేనైతే కాగితం మీద "సంతృప్తికరం" అని రాసి సంతకం కూడా పెట్టాను. ఆ కాగితం ఇప్పుడు తల్చుకుంటే నాకు నామీదే మండుతుంది.

వారం తర్వాత సారు డ్రైవరు సెలవు పెట్టాడు. పులివెందులలో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి ఆయన వారానికోసారి వెళ్ళేవారు. ఆ రోజు నా జీపులో నేను తీసుకెళ్ళాను.  లోపల ఆమె తువ్వాలు తీయించి, చిన్న చెంబులో సగం నీళ్ళు పోసి, ఎడమచేత్తో ఎత్తమంది. వేళ్ళు చెంబు మెడ చుట్టూ నెమ్మదిగా మూసుకున్నాయి. పట్టు ఉంది. చెంబు మాత్రం బల్ల మీంచి లేవలేదు. ఆయన నుదుట చెమట పట్టింది. నేను గబుక్కున గోడ మీద క్యాలెండరు వైపు తిరిగాను. అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకు: రెండు చేతులతో పట్టాల్సిన ఆ పద్నాలుగు అడుగుల కర్రను ఈయన ఒంటిచేత్తో నిలబెట్టలేడు కూడా. అందరి ముందూ సభలో దాన్ని ఆయన చేతికిస్తే, ఇక ఊరి మాట ఈ జన్మలో ఎత్తడు.

సారు బయటకు నడిచాక నేను వెనక ఆగి డాక్టరమ్మకు సంగతంతా చెప్పాను. ఎట్లాంటి కర్ర అయితే వాడగలడు, ఎంత బరువు మోయగలడు అని గొంతు తగ్గించి అడిగాను. ఆమె వయసులో మా అమ్మాయంత ఉంటుంది. నన్ను ఎగాదిగా చూసింది.

"నన్నడుగుతాండారేంది సార్? చెయ్యి ఆయనది. చేపలు పట్టింది ఆయన. ఆయన్నే అడగరాదా?"

"అట్లా ఎట్లా అడుగుతామమ్మా, బాధపడతారు."

"అడగకుండా మీరంతా పక్కకు చూస్తాండారే, అది తెలీదనుకుంటాండారా ఆయనకు?"

బయటకొచ్చాను. తిరుగుదారిలో ముద్దనూరు దాటాక ధైర్యం కూడగట్టుకుని అడిగేశాను. పై అధికారిని ఆయన శరీరం గురించి కింది ఉద్యోగి అడగడం మా తరం ఆఫీసుల్లో జరిగే పని కాదు. "సార్, ఎడమచేత్తో గాలం కర్ర పట్టుకోగలరా? పట్టుకుంటే ఎంతసేపు?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏటండీ శర్మగారూ, నా చేతి మీద ఎంక్వైరీయా?" అన్నారు. అంతే. ప్రొద్దుటూరు రాగానే ఇంటి ముందు దిగి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. అయ్యో, చెడగొట్టానే అనుకున్నాను. రిటైరయ్యే ముందు మనిషిని ఏడిపించిన పాపం నాకెందుకు చుట్టుకుంది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు పదిన్నరకు ఆఫీసుకు రమ్మని కబురు. వెళ్ళాను. తలుపు వేయమన్నారు. వేశాను. తువ్వాలు మడిచి డ్రాయరులో పెట్టి, కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి బల్ల మీద, నా ఎదురుగా పెట్టారు.

"కాగితం తీయండి. రాసుకోండి" అన్నారు.

మెమో చెప్పినట్టే చెప్పారు, ఎక్కడా తడుముకోలేదు. పొడవు తొమ్మిదడుగులు, అంతకు మించితే వద్దు. తేలికది, కార్బన్‌ది. విసిరే బరువు అరవై గ్రాములు దాటనక్కర్లేదు. దారం వెళ్ళే గైడ్లు, అంటే కర్ర పొడుగునా ఉండే రింగులు, మామూలు ఇనుముకు మెరుగు వేసినవి పనికిరావు, ఉప్పుగాలికి నెల్లాళ్ళలో తుప్పు తింటాయి. రీలు కూడా ఉప్పునీటికి తట్టుకునేదే కావాలి. రీలు చుట్టే పిడి మామూలుగా ఎడమవైపు బిగించి వస్తుంది, దాన్ని విప్పి కుడివైపు పెట్టుకునే వీలున్నది చూడాలి. "విసరడానికి కుడిచెయ్యి చాలు. విసిరాక కర్ర మొదలు నడుముకు ఆనాలి. పెద్ద చేపలు పట్టేవాళ్ళు నడుముకు గిన్నెలాగా ఒక బెల్టు కట్టుకుంటారు, దాంట్లో దించేస్తే బరువంతా నడుముదే. ఎడమచెయ్యి కర్రను పక్కకు పోకుండా పట్టుకుంటే చాలు. పట్టు ఉంది దానికి. ఎత్తలేదు గానీ పట్టు ఉంది. కుడిచేత్తో చుట్టుకుంటాను."

నేను రాయడం ఆపి తలెత్తి చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. ఇదంతా రాత్రికి రాత్రి తట్టిన ఆలోచన కాదని తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళుగా ఆ తువ్వాలు కింద చేతిని పెట్టుకుని ఆయన ఒక్కొక్కటే లెక్క వేసుకున్నారు. అన్నీ తేల్చుకుని కూడా ఎవరికీ చెప్పుకోలేక, కర్రలు తమ్ముడి కొడుక్కి ఇచ్చేశారు.  సిగ్గుపడకుండా చెబుతున్నాను, కళ్ళు తుడుచుకునే రాశాను.

సముద్రమంటే మాకు పెద్దది అని ఒక్కటే గుర్తుంది. ఉప్పు సంగతి మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మా పద్నాలుగడుగుల కర్రకున్నవన్నీ మెరుగు ఇనుప రింగులే. కొన్న చోటికి వాపసు పంపే గడువు కూడా దాటిపోయింది. ఓబులేసు దాన్ని పుట్టిల షెడ్డులో అడ్డంగా కట్టేశాడు. దాని మీద వలలు ఆరేసుకుంటున్నారు.

రెండోసారి కాగితంలో ఉన్నది ఉన్నట్టు తెప్పించాం. బెల్టు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఓబులేసుకు తట్టింది. "పరేడులో జెండా మోసే పిల్లోళ్ళకు బెల్టుకు గిన్నె ఉంటాది సూడు సామీ, అట్లాంటిది కుట్టిస్తే ఏమి?" అన్నాడు. జమ్మలమడుగులో చెప్పులు కుట్టే ఒకాయన దళసరి తోలుతో రెండు రోజుల్లో కుట్టిచ్చాడు. ఈసారి ఎవరి నడుము కొలతో అడక్కుండా కుట్టనన్నాడు ఆయన. సారునే పిలుచుకొచ్చి కొలత ఇప్పించాం.

పరీక్ష మళ్ళీ మైలవరం కట్ట మీదే. ఎద్దులాంటి అల్లుణ్ణి ఇంటి దగ్గరే ఉండమన్నాం. వేట నిషేధం రోజులు కాబట్టి గాలం కట్టలేదు, ఉట్టి సీసం గుండు కట్టాం, ఆ నియమం పెట్టింది మేమే కదా. సారు మొదటిసారి విసిరితే గుండు ఆయన కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి పక్కకు పోయి తుమ్మచెట్టుకు చుట్టుకుంది. "ఏమప్పా, ఆ చెట్టు మీద పండుగప్పలుండాయా?" అని ఎవరో అంటే ఓబులేసు వాణ్ణి కసిరాడు. సారు మాత్రం నవ్వారు. జబ్బు చేశాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఏడో సారో ఎనిమిదో సారో గుండు గాల్లో వంపు తిరిగి దూరంగా నీళ్ళలో పడింది. కర్ర మొదలు బెల్టు గిన్నెలో దించి, కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి దాని మీద వేసి, వేళ్ళు మూసి, కుడిచేత్తో చుట్టుకుంటూ వచ్చారు. దారం మొత్తం వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది.

"మళ్ళీ" అన్నారు.

ఎండ నెత్తికెక్కే దాకా విసురుతూనే ఉన్నారు. మేం కట్ట మీద కూర్చుని చూశాం. ఆ రోజు ఆయన ఎడమచేతి వంక చూడటానికి మాలో ఒక్కరూ వెనకాడలేదు.

సభలో దండలూ శాలువాలూ అయ్యాక కర్ర ఇచ్చాం. ఆయన ఉపన్యాసం చెప్పలేదు. మైకు ముందుకొచ్చి, వచ్చే బుధవారం రైలుకు భీమిలి వెళ్తున్నామని, మళ్ళీ ఇటు రావడం కష్టమని, పని ఉన్నవాళ్ళు ఆలోగా కలవమని చెప్పారు. ముందు వరసలో మేడం గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రెండు నెలల తర్వాత ఆయన ఫోన్ చేశారు. రోజూ పొద్దున్నే వెళ్తున్నారట, ఇసుక రీలులో పడి కిర్రుమంటోందట, ఇప్పటిదాకా ఒక్క చేపా పడలేదట. "ఒక్కటీ నేదండీ శర్మగారూ!" అని ఆయన ఫిర్యాదు చేసినంత సంతోషంగా ఎవరూ శుభవార్త కూడా చెప్పరు.

ఈ సంఘటన నాకు ఏం నేర్పిందో సూటిగా చెబుతాను. ఒకరికి ఒక వస్తువు ఎంచేముందు వస్తువు కొలతలు కాదు, మనిషి కొలతలు తీసుకోవాలి. ఆ కొలతలు ఆ మనిషి నోటే వినాలి. అడిగితే నొచ్చుకుంటారని మనం అనుకునేది చాలాసార్లు మన పిరికితనమే, దానికి మర్యాద అని పేరు పెట్టుకుంటాం.

మరుసటి ఏడు పెద్దముడియం మండలంలో ఒక చెరువు సంఘానికి పథకం కింద వలలు పంచాల్సి వచ్చింది. అందరికీ ఒకే రకం, ఒకే బరువు, అదీ పద్ధతి. ఈసారి ఇండెంటు, అంటే కావలసిన సరుకుల జాబితా, రాయకముందు అందరినీ కూర్చోబెట్టి, వల ఎట్లా లాగుతారో చూపించమన్నాను. పుల్లయ్య అనే పెద్దాయన లేవలేదు. దగ్గరికి వెళ్ళి అడిగితే కుడిచెయ్యి చూపించాడు. నీళ్ళ ఇంజను బెల్టులో పడి మూడు వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి, ఏనాటి సంగతో. నేను ఈ పోస్టుకొచ్చాక ఆయన నా సంతకంతోనే రెండుసార్లు బరువు వలలు తీసుకున్నాడు. రెండూ ఎవరికో ఇచ్చేసి, కట్ట మీద కూర్చున్నాడు.

"ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదప్పా?" అన్నాను.

"మీరు వల కన్ను అడిగినారు, నూలు నంబరు అడిగినారు. చెయ్యి ఎట్లుండాదని అడగల్యా సామీ" అన్నాడు.

ఆయన పేరు ఎదురుగా సన్న నూలు వల అని రాశాను. ఆ తర్వాత మిగిలిన నా సర్వీసులో ఆ ప్రశ్న అడక్కుండా ఒక్క ఇండెంటు మీదా సంతకం పెట్టలేదు. అంతకుముందు పెట్టిన సంతకాల సంగతి ఎవరైనా అడిగితే మాత్రం, ముందు పుల్లయ్య పేరే చెప్తాను.